అద్దం బంతి

“కొట్టకు తల్లీ, వదిలెయ్. అద్దానికి తగిలి అదే నీ దగ్గరికొస్తుంది. అప్పుడు కొట్టు.”

తొమ్మిది వారాలుగా కోచ్ అక్కది ఇదే పాట. పాడెల్ ఆటలో కిటుకంతా అక్కడే ఉంది. కోర్టు చుట్టూ అద్దాల గోడలు. బంతి మనల్ని దాటిపోయినా కంగారు పడక్కర్లేదు. నేల మీద ఒకసారి పడి, గోడకు తగిలి వెనక్కి వస్తుంది. ఆ మాత్రం ఓపిక ఈ నలుగురు పిల్లలకీ లేదు. కవలలిద్దరూ ఈగల్ని తోలినట్టు రాకెట్లు ఊపుతారు. కళ్ళజోడు వాడు బంతిని చూస్తే చాలు, చతికిలబడతాడు. అందరిలోకీ చిన్నదైన పొట్టిదానికి సరిగ్గా బంతి వచ్చే వేళకే బూటు తాడు ఊడుతుంది.

మొదటి రోజు అక్క గొప్పగా చెప్పింది, “అద్దం బంతి మీకొచ్చిన రోజున నా పని అయిపోయినట్టే. ఇంకో స్కూలుకెళ్ళిపోతా,” అని. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది. ఇంకో స్కూలు ఎక్కడిది? ఇప్పటికే రెండు చోట్ల వద్దన్నారు. ఇదీ పోతే రాకెట్టు అటకెక్కించాల్సిందే.

హెడ్మిస్ట్రెస్ కోర్టు బయట నిలబడి చూస్తోంది. నిన్ననే తేల్చి చెప్పింది. ఇవాళ ఒక్కరైనా అద్దం బంతి తిప్పికొట్టకపోతే క్లాసు మూత, ఆ స్థలంలో సైకిళ్ళ షెడ్డు. పసివాళ్ళ మీద బరువెందుకని అక్క ఆ మాట పిల్లల చెవిన వెయ్యలేదు.

“బంగారాలు కదూ. ఒక్కటంటే ఒక్కటి,” అంది.

బంతి విసిరింది. కవలలు ఒకరినొకరు గుద్దుకున్నారు. ఇంకోటి విసిరింది. కళ్ళజోడు చతికిలబడ్డాడు. చివరి బంతి పొట్టిదాని పక్కనుంచి వెళ్ళి, అద్దానికి తగిలి, చేతికందేంత దగ్గరగా నెమ్మదిగా వచ్చింది. పొట్టిది బంతిని చూసింది. అక్కను చూసింది. వంగి బూటు తాడు పట్టుకుంది.

“మీరు కష్టపడ్డారు, కాదనను. రేపట్నుంచి మాత్రం రాకండి,” అని అక్కను పక్కకు పిలిచి మెల్లగా చెప్పి హెడ్మిస్ట్రెస్ వెళ్ళిపోయింది.

అక్క బంతుల బుట్ట స్టోర్ రూములో పెట్టింది. నలుగురిలో ఒక్కరికీ నేర్పలేని దాన్ని కోచ్ అని ఎవరంటారు? ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. మొహం కడుక్కుని, పిల్లలకు చివరిసారి చెప్పి వెళదామని వెనక్కి వచ్చింది.

కోర్టులో, అద్దం తాకి వచ్చిన బంతిని అలవోకగా అవతలికి తిప్పికొడుతూ పొట్టిది మిగతా ముగ్గురినీ గదమాయిస్తోంది, “చప్పుడు కాకుండా ఆడండిరా, మనకొచ్చేసిందని తెలిస్తే అక్క వేరే స్కూలుకెళ్ళిపోతుంది.”