అక్క కోసం చేసిన జెల్లీ

మిఠాయని చెప్పి సబ్బుముక్క తినిపించినప్పటి నుంచి మా అక్క నా ఇంట్లో మంచినీళ్లు కూడా పుచ్చుకోదు. మూడేళ్లయింది. బుద్ధి తెచ్చుకుని ఈరోజు నా చేత్తో జెల్లీ చేశాను. ఆవిడ మాంసం ముట్టదు కాబట్టి, ఎముకలతో చేసే జెలటిన్ జోలికి పోకుండా, సముద్రపు నాచు పొడితో నారింజరసం గడ్డకట్టించాను.

"ముందు నువ్వు తిను," అంది అక్క.

తిన్నాను.

"ఆ మూల ముక్కో?"

అదీ తిన్నాను. వీధి వీధినంతా ఆటపట్టించే మొనగాణ్ని, ఆవిడ వేలు పెట్టి చూపించిన ముక్కనల్లా మింగుతూ పోయాను. పళ్లెం ఖాళీ అయింది.

"ఇప్పటికైనా నమ్మావా అక్కా?" త్రేన్చుతూ అడిగాను.

"మొదటి ముక్కకే నమ్మాన్రా. ఎంతదాకా మింగుతావో చూద్దామని కూర్చున్నా. లే సన్నాసీ, పొయ్యి వెలిగించు. ఈసారి నాక్కావాలి!"