ఏడ్చిందా, లేదా?

ఏ వయసువాళ్ళు ఏ కారణంతో చనిపోతున్నారో లెక్క తీసే సర్వే అది. సర్వే అమ్మాయి ఫారం పట్టుకుని, బట్టలు కుట్టే ఆవిడ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

“పిల్లలెంతమందమ్మా?”

“ఇద్దరు మగపిల్లలు. రామలక్ష్మణులు కాదులే, వాలి సుగ్రీవులు” అని నవ్విందావిడ.

“పుట్టి పోయినవాళ్ళున్నారా?”

మిషన్ ఆగింది.

“వీళ్ళకంటే ముందు ఒక ఆడపిల్ల. ప్రాణం లేకుండానే పుట్టింది. పందొమ్మిదేళ్ళయింది. అప్పుడు నాకు ఒంటిమీద తెలివి లేదు. దాని మొహం కూడా చూడలేదు.”

“తప్పుగా అనుకోకండమ్మా, అందర్నీ అడగాలి. పుట్టగానే ఏడ్చిందా, లేదా? ఏడవకపోతే పోయినవాళ్ళ లెక్కలోకి రాదు. దానికి వేరే గడి ఉంది.”

“ఏడవలేదు.”

సర్వే అమ్మాయి ఆ వేరే గడిలో టిక్కు పెట్టబోయింది.

“ఏడ్చింది” అన్నాడు భర్త.

అతను అంతసేపూ గుమ్మం దగ్గర కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నాడు. ఆవిడ గిరుక్కున తిరిగింది.

“పావుగంట బతికింది, నా చేతుల్లోనే. నీకేమో రక్తం ఆగట్లేదు. ఈ మాట చెవిన పడితే నువ్వూ దక్కవని భయపడ్డా. కోలుకున్నాక చెబుదామనుకున్నా. నోరు రాలేదు.” తల ఎత్తకుండానే సర్వే అమ్మాయితో అన్నాడు: “రాయమ్మా. ఆ పిల్ల బతికిందని రాయి.”

ఆవిడ అరుస్తుందేమో, చేతిలో ఉన్నది విసిరికొడుతుందేమో అని సర్వే అమ్మాయి బిక్కచచ్చిపోయింది.

ఆవిడ లేచి వెళ్ళి భర్త పక్కన నేలమీద కూలబడింది.

“దాని గొంతు ఎలా ఉందండీ?” అని అడిగింది.