ఇసుక భాగం

అల్లాబక్ష్ కడవెడు నీళ్లూ ఒకే చోట కుమ్మరించాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు రెప్పవేసి తెరిచేలోపు ఇసుక అంతా తాగేసింది.

"సూడు నూరుల్లా, బాగా సూడు. కడవ నీళ్లు పోస్తే చారెడన్నా నిలవల్యా. రేపు, అన్న చెప్పకపాయె అనొద్దు," అన్నాడు తమ్ముడితో.

నూరుల్లా వంగి తడిసిన చోట వేళ్లు గుచ్చి చూశాడు. "అవునన్నా, శానా లోపలికి పోయినాయి."

జమ్మలమడుగుకు రెండు క్రోసుల దూరాన పెన్నేటి ఒడ్డున ఉంది వాళ్ల ఊరు. ఆంధ్రప్రదేశ్ వచ్చి అప్పటికింకా ఏడాది నిండలేదు. తండ్రి పోయి పన్నెండేళ్లయినా అన్నదమ్ములది ఒకటే పొయ్యి. నూరుల్లాకు పెళ్లయ్యాక, మంచిగా ఉన్నప్పుడే వేరుపడదామని ఇద్దరూ అనుకున్నారు. ఉగాది వెళ్లిన నాలుగో రోజున ఊరిపెద్ద ఆదినారాయణను పొలానికి పిలుచుకొచ్చారు.

ఉన్నది పన్నెండెకరాలు. ఊరికి పైన ఆరెకరాలు నల్లరేగడి, ఏటి గట్టున మెట్టు మీద ఆరెకరాలు ఇసుక నేల. రెంటినీ సగానికి కోస్తే ఎటూ కాని ముక్కలవుతాయని, ఒకరికి అది, ఒకరికి ఇది అన్నాడు అల్లాబక్ష్. పంచేది పెద్దవాడైతే ముందు కోరుకునేది చిన్నవాడు. పంచేవాడు చేతివాటం చూపకుండా ఏనాడో పెట్టిన కట్టుబాటు అది.

అల్లాబక్ష్‌కు కావలసింది ఇసుక నేలే. పత్తి అమ్ముకోవడానికి ప్రొద్దుటూరు పోయినప్పుడు నూనెమిల్లుల ముందు వేరుశెనగ బండ్లు బారులు తీరి ఉండటం చూశాడు. రాజుపాలెం దగ్గర ఇలాంటి ఇసుకలోనే ఒక రైతు చెట్టు పట్టి లాగితే, ఒక్క కాయ నేలలో మిగలకుండా గుత్తులుగా ఊడొచ్చింది. ఆ సంగతి పెళ్లాం పీరాంబీకి కూడా చెప్పలేదు. నలుగురు పిల్లలున్నవాడు, ఆ నేల తనకే దక్కాలి. ముందు కోరుకునేది తమ్ముడు కాబట్టి, తమ్ముడి నోటితోనే నల్లరేగడి అనిపించాలి. నోట్లో నాలుక లేని నూరుల్లాతో అదేమంత కష్టం కాదనుకున్నాడు.

"ఉలవలు తప్ప ఈ ఇసకలో ఏం పండినాయిరా ఇన్నాళ్లు?" అన్నాడు మళ్లీ.

"ఏమప్పా నూరుల్లా, యాది కావాల నీకు?" అడిగాడు ఆదినారాయణ.

నూరుల్లా అన్నవైపు తిరిగాడు. "నువ్వు చెప్పన్నా. నీకు యాదైతే బాగుంటాది?"

"నాదేముందిరా! నువ్వు కోరుకోంగ మిగిలింది నాది."

నూరుల్లా అన్న మొహంలోకి కాసేపు చూస్తూ ఉండిపోయాడు. అల్లాబక్ష్ చూపు తప్పించి ఖాళీ కడవ చేతికి తీసుకున్నాడు.

"నల్లరేగడే ఇప్పించు మామా," అన్నాడు నూరుల్లా.

"చిన్నోడు గట్టోడే! బంగారట్లా నేల పట్టినాడు. నీకు ఇసకే మిగిలె అల్లాబక్షూ," అని నవ్వాడు ఆదినారాయణ.

అల్లాబక్ష్‌కూ నవ్వొచ్చింది. దగ్గుతో కప్పిపుచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక పీరాంబీ అన్నం పెడుతూ కళ్లొత్తుకుంది. "పదేళ్ల పిల్లోన్ని భుజాన మోసి పెంచితివి. నీకు ఇసక మిగిలిస్తాడా? నోరు తెరిచి ఒక మాటన్నా అడగకపోతివే!"

"వాన్నేమీ అనాకు. చిన్నోడు, కోరుకున్యాడు," అన్నాడు అల్లాబక్ష్. ఆ పూట ముద్ద సరిగ్గా దిగలేదు. పిల్లలు నలుగురూ వరసగా కూర్చుని తింటుంటే చూసి మనసును సమాధానపరుచుకున్నాడు.

పదిరోజులు తిరక్కుండానే పశువుల పెంటతో నూరుల్లా బండి ఇసుక చేనికొచ్చింది. ఆ రోజు నాలుగు బండ్లు, మర్నాడు నాలుగు. అలా మొత్తం ఇరవై తోలాడు.

"ఏందిరా ఇది? నీ చేనికి తోలుకోపో!"

"రేగడికి ఇంత పనిల్యాదులే అన్నా. ఏటేటా తోలతానని వదినకు మాటిచ్చినా."

మంచి భాగం పట్టుకుపోయానని బాధపడుతున్నాడు పిచ్చివాడు, అనుకున్నాడు అల్లాబక్ష్. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

తొలకరి పడగానే ఇసుక మట్టి తువ్వాలలో మూటగట్టుకుని జమ్మలమడుగులో వ్యవసాయ శాఖ ఆఫీసుకు పోయాడు. అక్కడి ఆఫీసరు కోస్తా మనిషి. మట్టిని అరచేతిలో నలిపి, నీళ్లు చిలకరించి ముద్ద చేయబోయాడు. ముద్ద నిలవలేదు. ఆయన మొహం వెలిగింది.

"మాది బాపట్ల వైపండీ. సముద్రపు గట్ల మీద మా నేలలూ అచ్చం ఇలాంటివే. నీరు నిలవదు, వేరు కుళ్లదు. వాన వెలిసిన మర్నాడే అరక కట్టొచ్చు. వేరుశెనగకి ఇంతకన్నా మంచి నేల దొరకదు."

"నేనూ అట్లే అనుకున్యా సార్. ఆరెకరాలుంది," అన్నాడు అల్లాబక్ష్ పొంగిపోతూ.

"ఒక్కటే చిక్కు. నీళ్లతోపాటు సత్తువ కూడా కిందికి దిగిపోతుంది. ఆరెకరాలకి ఏటా ఇరవై బళ్ల పెంట పడాలి. లేదంటే రెండు పంటలకే నేల చేతులెత్తేస్తుంది."

ఇరవై అనేసరికి అల్లాబక్ష్ ఉలిక్కిపడ్డాడు.

"ఇంతకీ ఏ ఊరన్నారు?"

అల్లాబక్ష్ ఊరి పేరు చెప్పాడు.

"ఏటి గట్టు మీది మెట్టు చేనా?"

"అవును సార్. మా ఊర్లో ఇట్లాంటిది అదొక్కటే."

ఆఫీసరు చేతులు దులుపుకుంటూ నవ్వాడు.

"ఇవన్నీ ఉగాదికి ముందే మీ ఊరి నూరుల్లాకి చెప్పాను కదండీ!"