జేబులో ప్లగ్గు

నోటు పెడితే చిల్లరిచ్చే మెషీన్ అడుగున నాణేలను ఒక్కొక్కటే బయటికి తోసే పళ్ళెం ఉన్నట్టుండి తిరిగి, దాన్ని బాగుచేస్తున్న బావ వేళ్ళను అంచుకు నొక్కిపట్టింది. పక్క మెషీన్ బిగించి, అప్పుడే తన జేబులోని ప్లగ్గు తీసి గోడకు పెట్టిన బావమరిది పరుగున వచ్చాడు.

"కరెంటు తియ్యకురా! ఇలాగే బిగుసుకుపోతుంది. బిళ్ళ ఇరుక్కుందనుకుని మోటారే వెనక్కి తిప్పుతుంది. ఆగు!" అని అరిచాడు బావ.

మోటారు మూలిగింది. పళ్ళెం వెనక్కి కదిలింది. చెయ్యి బయటపడింది.

"లోపల చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకి జేబులో వేసుకోమని నాకు నేర్పింది నువ్వేగా బావా?"

"వేసుకున్నానురా!"

బావ జేబులోంచి ప్లగ్గు తీశాడు. దాని వైరు వెళ్ళి వెళ్ళి పక్క మెషీన్‌లో దూరింది. ఆ మెషీన్‌లో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బావమరిది గోడకున్న ప్లగ్గు వైపు చూశాడు. "అయితే నేనిందాక పెట్టింది..."

"నాది. పొద్దుట్నుంచీ నా వేళ్ళు నీ జేబులో, నీ వేళ్ళు నా జేబులో ఉన్నాయిరా."