సవరించిన గొంతు

రాజ్యశ్రీకి ఈ ఏడాది కూడా లైసెన్సు దక్కింది. బాస్కెట్‌బాల్ కోచ్‌లు ఏటేటా మెరుగవుతున్నారని యంత్రం తేలిస్తేనే ఉద్యోగం ఉంటుంది. ఈసారి ఆమె ఓర్పుకు నూటికి తొంభై ఆరు వచ్చాయి.

"నీకా? ఓర్పుకా?" అంటూ భర్త దోసె తిరగేశాడు.

అప్పుడే జట్టు కెప్టెన్ ఝాన్సీ స్వీటు డబ్బాతో వచ్చింది.

"నిన్న రెండు ఫ్రీ త్రోలూ పోగొడితే 'పర్లేదమ్మా, మోకాళ్లు కాస్త వంచు' అన్నారు చూడండి మేడం, దాంతోనే నిలదొక్కుకున్నాను. మా అమ్మ కూడా అంత నెమ్మదిగా చెప్పదు."

రాజ్యశ్రీ కాఫీ గ్లాసు కింద పెట్టింది. నిన్న ఆమె, "చేతులా అవి, చీపురుకట్టలా? నిన్ను కెప్టెన్ని చేసినందుకు నన్నే కొట్టాలి!" అని గొంతు చించుకుని అరిచింది.

ఆమె చూపు ఝాన్సీ చెవిలోని బటన్ మీద పడింది. మైదానం గోలను ఆపి కోచ్ మాట మాత్రమే వినిపించాలని మూడేళ్ల కిందట జట్టంతటికీ ఇచ్చారు. ఈ పిల్లలు స్నానానికి తప్ప దాన్ని తియ్యరు. అది తన మాటను సరిదిద్ది, తన గొంతుతోనే వినిపిస్తోందన్నమాట. యంత్రం ఓర్పుకు మార్కులు వేసిందీ ఆ సరిదిద్దిన మాటలకే.

"అది తియ్యవే," అని నిన్నటి మాటలు ఉన్నవున్నట్టు చెప్పింది.

ఝాన్సీ ముఖం పాలిపోయింది. "మూడేళ్లూ ఇలాగే తిట్టారా మేడం?"

"ఇలాగే. సాయంత్రం అందరూ అవి తీసేసి రండి. నేను నేర్చుకోవాలి."

"మరి లైసెన్సు?" అన్నాడు భర్త.

ఝాన్సీ గుమ్మం దాకా వెనక్కి జరిగింది. "భయమేస్తోంది మేడం."

"నాకూ భయంగానే ఉందే," అంది రాజ్యశ్రీ.