రెండుసార్లు రాసిన డిస్కు

నా రాతలో తప్పులుంటాయి, రాయడమూ నిదానమే. మన్నించండి.

చనిపోయిన మా ఆయన గొంతు ఆయన పాత కంప్యూటర్ డిస్కులో మాత్రమే మిగిలింది. కూతురు వనిత తన లాప్‌టాప్ లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ తయారు చేసి, ఆ డిస్కును అందులో పెట్టింది. రాత్రి వాన వెలిశాక నన్ను పిలిచింది.

"అవ్వా, ఈ ఉత్తుత్తి కంప్యూటర్ పట్టీల ఒక్క డిస్కునే పొరపాటున రెండుసార్లు రాసిన. ఒకటి తీసెయ్యకుంటే బాపు గొంతు మొత్తం ఖరాబైతది."

"రెండూ ఒకటేనా బిడ్డా?"

"ఒకటే. ఫికర్ చెయ్యకు, ఇను."

మొదటి దాంట్లో ఆయన "తిన్నవా బిడ్డా?" అని అడిగారు. రెండో దాంట్లోనూ అదే మాట. తర్వాత మెల్లగా ఊపిరి తీసుకున్న చప్పుడు.

"మొదటి దాంట్ల అడిగింది నేను గాదు," అన్నారు ఆయన, ఆ రెండో దాంట్లోంచే.

వనిత వేలు మీట మీదే ఆగిపోయింది. తెల్లవారుతోంది, ఇంకా ఏదీ తీయలేదు.

గుండేటి లచ్చవ్వ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది మంథనిలో.