మూడో చరణం

"స్వాతంత్ర్యం వచ్చి ఎన్నేళ్ళయింది?" అని అడిగారు ఎజికియేల్ ట్యూట్ మాస్టారు.

సంఘం సభ్యులం ఏడుగురం. ఏడుగురమూ ఇంటి కప్పు వైపు చూశాం.

"నలభై ఆరు," అన్నాడు మంగలి డాల్టన్ రైలీ.

"నలభై ఏడు. బ్యానరు రాయించే ముందు వేళ్ళ మీదైనా లెక్కపెట్టుకోండయ్యా," అంది ఐవీ. మార్కెట్లో కూరల కొట్టు ఆమెది. మాస్టారికి స్వయానా చెల్లెలు.

స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం గుర్తులేనివాళ్ళు స్వాతంత్ర్య దినోత్సవ సంఘంగా ఏర్పడటం మా దీవిలో కొత్త కాదు. గుర్తున్నవాళ్ళకు సంఘంతో పనేముంది?

అయితే ఈసారి మరుపు చెల్లదు. ముఖ్య అతిథి కెప్టెన్ సిల్వన్ లెటాంగ్. పక్క దీవి మనిషి. వారం వారం ఆయన పడవ లిటిల్ బే రేవుకు వస్తేనే మాకు అరటికాయ, చేమదుంప, కమలాపండు. మా పొలాలను అగ్నిపర్వతం బూడిద కింద దాచేసింది. అప్పటి నుంచి భూమి ఉన్నవాళ్ళలా మాట్లాడుతూ, లేనివాళ్ళలా కొనుక్కుతింటున్నాం.

నిరుడు జెండాను తలకిందులుగా ఎగరేశాం. జెండా మధ్యలోని చిలక గబ్బిలంలా వేలాడింది. మాలో ఒక్కరూ గమనించలేదు. గమనించింది కెప్టెన్ ఒక్కరే. సరుకు దించకుండానే పడవ తిప్పుకుని వెళ్ళిపోయారు. మూడు వారాలు దీవి దీవంతా డబ్బా బఠానీలు తిని బతికింది. ఐవీ కొట్టుకు తాళం పడింది.

ఈ ఏడు ఆయన ముందే కబురు పెట్టారు. "జాతీయగీతం మూడు చరణాలూ పాడాలి. కాగితం చూడకూడదు. మళ్ళీ నవ్వులపాలు చేస్తే నా పడవ ఇక ఆంటిగ్వా దీవికే పోతుంది."

"ఆయనకున్న పట్టింపులో పావు వంతు మీకుంటే నా కొట్టు మూతపడేదే కాదు," అంది ఐవీ. "అన్నయ్యా, అసలు ఆ పాట నీకొచ్చా?"

"మొదటి చరణం వచ్చు."

"మిగతా రెండూ?"

"వాటి రాగం వచ్చు."

డాల్టన్ గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, ఊరికే పెదాలు కదిపితే చాలదా? చర్చిలో నలభై ఏళ్ళుగా నేను చేస్తోంది అదేగా."

"అందుకే దేవుడు నీ మొర ఆలకించలేదు," అంది ఐవీ.

బట్టీ పట్టవద్దు, అర్థం తెలుసుకోండి అని మాస్టారు మా అందరికీ చిన్నప్పుడు చెప్పినవారే. ఇప్పుడు తొమ్మిది రోజుల పాటు గడ్డం గీసుకుంటూ, చెప్పులు తొడుక్కుంటూ బట్టీ పట్టారు. అర్థం జోలికి పోలేదు. ఆలోచన మొదలైతే మాట జారిపోతుందని ఆయన భయం.

నవంబరు మూడు వచ్చింది. రేవు నిండా జనం. జెండా పై అంచుకు ఐవీ ఎర్రదారం కుట్టిపెట్టింది కనుక చిలక నిటారుగానే లేచింది. మూడు పెద్ద డేగిసాల్లో మేక పులుసు ఉడుకుతోంది. కెప్టెన్ తెల్లచొక్కా వేసుకుని, తన పడవ మనుషులు నలుగురితో ముందు వరుసలో నిలబడ్డారు. పడవలో సరుకు ఇంకా దించలేదు. గెలల మీద కప్పిన టార్పాలిన్ ముడి కూడా విప్పలేదు.

మొదటి చరణం అందరం పాడాం. రెండో చరణానికి సగం మంది మిగిలారు. తక్కినవాళ్ళం డాల్టన్ మార్గం పట్టాం. మూడో చరణం దగ్గర మాస్టారొక్కరే మిగిలారు. మొదటి పాదం పాడారు. రెండో పాదం దగ్గర ఆగారు.

ఐవీ కళ్ళు మూసుకుంది. మేము మా కాళ్ళ వైపు చూసుకున్నాం. తనను తాను తెలుసుకోవడానికి మనిషికి ఏకాంతం అక్కరలేదు. రాని పాట మధ్యలో, నలుగురి ముందు ఆగిపోతే చాలు.

"క్షమించండి, మళ్ళీ మొదలుపెడతాను," అన్నారు మాస్టారు.

మళ్ళీ అక్కడే ఆగారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఎండలో, మూడోసారి మొదలుపెట్టారు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ నీడలోకి జరగలేదు.

మూడోసారి ఆయన ఆగినచోట కెప్టెన్ గొంతు అందుకుంది. తడుముకోకుండా, అక్షరం పొల్లుపోకుండా. ఆయన ఒక పాదం పాడితే మాస్టారు తిరిగి పాడారు, మాస్టారి వెనక మేమందరం పాడాం. పాట ముగిసేసరికి కెప్టెన్ కళ్ళు తడిసి ఉన్నాయి. మా చెవులు సిగ్గుతో కాలుతున్నాయి.

కెప్టెన్ పడవ వైపు తిరిగి చెయ్యి ఊపారు. టార్పాలిన్ లేచింది. మొదటి గెల తెచ్చి ఐవీ ముందే దించారు. ఆమె గెలను ఒకసారి నిమిరి, చేతిరుమాలుతో ముఖం తుడుచుకుంది.

మాస్టారు మాత్రం తల ఎత్తలేదు. "సిగ్గుగా ఉంది కెప్టెన్. ఇంత చేసీ ఒక్క చరణం నిలబెట్టుకోలేకపోయాను."

కెప్టెన్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "ఊరుకోండి మాస్టారూ, మా స్వాతంత్ర్య దినానికి మా డొమినికాలో మావాళ్ళే మా పాట ఇంత శ్రద్ధగా పాడరు. లండన్ వాళ్ళు ఇంకా ఏలుతున్న మీ దీవిని కూడా ఏదో ఒక రోజు వదలకపోరు."